ఒక్క కొలాచీ కూడా ముట్టుకోలేదు

జులై 9, ఆదివారం

లిడా అత్తా,

ఫోన్ చెయ్యకు. చేసినా ఎత్తను. నీ మీద కోపం కాదు, ఫోన్ మోగితే నాకు చెమటలు పడతాయి, నీకు తెలుసుగా. ఇక్కడే రాయి.

ఊరేగింపు కమిటీ వాళ్లు టైర్ల షాపుకొచ్చారు. నేను లారీ కిందున్నా. బూట్లు చూసి గుర్తుపట్టారంట. "ఏం కోల్బీ, మీ తాత నలభై ఏళ్లు తోలాడు, ఈసారి ఆల్బీనాని నువ్వు తోలతావా" అన్నారు. నేను కిందనించే పానా ఊపా. సరే అన్నానని రాసేసుకున్నారు. సరే అనే ఊపాలే.

ఆల్బీనా నీ పేరు మీదుంది కాబట్టి అడుగుతున్నా. తాత పోతూ కారు నీకు రాశాడు, నాకు జాకీ రాశాడు. నాకేం బాధ లేదు, మంచి జాకీ. కానీ ఆరు నెలలనించి ఆ కారుని తుడిచేది నేనే. ఆయన ఉన్నప్పుడూ నేనే.

ఊరేగింపు ఆగస్టు 5. వెనక సీట్లో ముఖ్య అతిథిని కూచోబెడతారంట. ఎవరో ఇంకా చెప్పలేదు.

సీటు సందులో తాత తింటూ పడేసిన చీజ్ ముక్క దొరికింది. పారెయ్యలేదు.

ఆల్బీనా బాగుంది. నేనూ.
కోల్బీ

జులై 10, సోమవారం

ఒరేయ్ కోల్బీ,

ముందు ఆ చీజ్ పారెయ్.

ఆవుని అమ్మి కారు కొని, కారుకి ఆవు పేరే పెట్టిన మహానుభావుడు మా నాన్న. తన పేరు పెడతాడేమోనని మా అమ్మ పోయేదాకా ఎదురుచూసింది. అలాంటి ఇంట్లో పుట్టాం మనం, కాబట్టి జాగ్రత్తగా విను.

ఇరవై రెండేళ్లుగా ఒమాహాలో ఇన్సూరెన్స్ ఆఫీసులో కూచుని జనాల తడిసిన బేస్‌మెంట్ల కథలు వింటున్నా. నాకు తెలిసింది ఒక్కటే. మెట్ల మీంచి పడేదాకా అందరూ మంచివాళ్లే. పడ్డాక లాయరు ఫోన్ నంబరు ఎక్కణ్ణించో వస్తుంది.

పాత కార్లకిచ్చే పాలసీ వేరే. ప్రదర్శనకి తోలొచ్చు, ఊరేగింపుకి తోలొచ్చు. కిరాయికి తోలకూడదు. కిరాయంటే డబ్బు ఒక్కటే కాదు. మనిషిని ఎక్కించుకున్నందుకు నువ్వు ఏది పుచ్చుకున్నా అది కిరాయే అని వాదిస్తారు. ఆ కుర్చీలో నేనుంటే నేనూ వాదిస్తా. కాబట్టి ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకు. ఏమీ అంటే ఏమీ.

రెండు. ఎక్కినవాళ్లు సీటు మీద కూచోవాలి, బెల్టు పెట్టుకోవాలి. టాపు తీసేసి వెనక డిక్కీ మీదెక్కి రాణీగారిలా చేతులూపడాలు వద్దు. 1962 మోడల్ కారుకి వెనక బెల్టుల్లేవు. బిగించు.

మూడు. నా ఇష్టంతోనే ఎక్కుతున్నా అని ఒక కాగితం మీద సంతకం పెట్టించు.

పద్దెనిమిదేళ్లవాడి పేరు ఈ పాలసీలో చేర్పించడానికి నేనెంత మందిని బతిమాలానో నీకు తెలీదు. లింకన్‌లో ఒక పళ్ల డాక్టరు ఆ కారు కోసం మార్చినించి నా వెనక పడ్డాడు. ఇదిగో మాట. ఏ గొడవా లేకుండా ఊరేగింపు అయిందా, కారు నీ పేరున రాసిచ్చేస్తా. ఇన్సూరెన్స్ వాళ్లనించి నాకు ఒక్క ఫోన్ వచ్చిందా, కారు పళ్ల డాక్టరుకి.

లిడా
(లంచ్ టైమ్‌లో రాశా. శాండ్‌విచ్ చప్పగా ఉంది.)

జులై 16, ఆదివారం

అత్తా,

చీజ్ పారేశా. బెల్టులు బిగించా. ఫ్లోరుకి బోల్టులేసి కింద ఇనప పట్టీ పెట్టా. లారీకి కట్టి లాగినా ఊడదు. లాగి చూశా. ఆల్బీనా కదిలింది గానీ బెల్టు కదల్లేదు.

ముఖ్య అతిథి ఎవరో తెలిసింది. వోండ్రా టీచర్.

నన్ను నాలుగో క్లాసులో ఫెయిల్ చేసింది ఆవిడే. నోరు తెరిచి చదవనని. నాన్నని కూడా ఫెయిల్ చేసిందంట. నిన్ను చేసిందా?

ఎనభై ఆరేళ్లు, డెబ్బై ఎనిమిదిదాకా పాఠం చెప్పడం మానలేదు. మనిషి ఇంతే ఉంటుంది అత్తా, కోడిపిల్ల. సీటు మీద కూచుంటే బయటికి టోపీ ఒక్కటే కనపడుతుంది. మన ఊరు నోవా లిపాలో ముఖ్య అతిథి ఎప్పుడూ డిక్కీ మీదే కూచుంటారు. సీటు మీద కూచోమని టీచర్‌కి చెప్పేదెవరు? నేనా?

కాగితం రాశా. చూడు.

"నేను వోండ్రా. నా ఇష్టంతో ఆల్బీనా ఎక్కుతున్నా. బెల్టు పెట్టుకుంటా. పైన కూచోను. కూచుని పడితే కోల్బీ తప్పు కాదు లిడా అత్త తప్పు కాదు తాత తప్పు అసలే కాదు ఆయన పోయాడు."

బాగుందా?

ఆల్బీనా బాగుంది. నేను టీచర్ ఇంటి వీధిలోంచి వెళ్లడం మానేశా.
కోల్బీ

జులై 17, సోమవారం

ఒరేయ్,

నన్ను ఫెయిల్ చెయ్యలేదు. క్లాసులో నిలబెట్టి "లిడా, నీకు నోరు తప్ప ఇంకేం లేదు" అంది. ఆ నోటితోనే ఉద్యోగం చేస్తున్నా, వీలైతే ఆవిడకి చెప్పు.

కాగితం కోర్టులో నిమిషం నిలవదు. అయినా ఇవ్వు. కాగితం మనిషిని పడకుండా ఆపదు, బెల్టు ఆపుతుంది. కాగితం చదివితే బెల్టు గుర్తొస్తుంది, అందుకే.

డిక్కీ మీద కూచుంటే బండి కదిలించకు. మాట్లాడక్కర్లేదు. కదలకపోతే చాలు.

లిడా

జులై 23, ఆదివారం

అత్తా,

కొంచెం గొడవైంది.

ఇవ్వాళ చర్చి హాల్లో బళ్లు తోలేవాళ్లందరికీ మీటింగు. తెలుసుగా, మీటింగు కాగానే చర్చి వంటిల్లు చూసే బ్లాంచ్ ఆంటీ మధ్యలో పండు ముద్ద పెట్టిన తన కొలాచీ బన్నులు ఒక్కొక్కరికీ డజను డబ్బాలో పెట్టి చేతికిస్తుంది. పైన పెట్రోలు కూపను. వరసలో నిలబడ్డా. నా వంతొచ్చింది.

"ఇదిగో నాన్నా, ఎండు ప్లమ్ పెట్టినవి, మీ తాతకి ఇష్టం" అంది.

నేను తల అడ్డంగా ఊపా.

"సరే, గసగసాలవి తీసుకో."

మళ్లీ ఊపా.

"ఆప్రికాట్?"

దానికీ ఊపా అత్తా. వరస మొత్తం ఆగిపోయింది. ఒకావిడ మంచినీళ్లిచ్చింది. ఏమీ అంటే ఏమీ అన్నావుగా. గ్లాసు కింద పెట్టేశా. కూపను ఆంటీ ఆప్రాన్ జేబులోనే పెట్టేసి బయటికొచ్చా. వెనకనించి "వాళ్ల తాత ఉంటే ఈపాటికి చచ్చేవాడు" అని ఎవరో అన్నారు. ఆయన ఆల్రెడీ పోయాడు.

ఎందుకు వద్దంటున్నానో చెప్పాలనే అనుకున్నా. మొదలెట్టేలోపు కారెక్కేశా.

ఒక డౌటు. ఊరేగింపులో జనం చప్పట్లు కొడతారు. తీసుకోవచ్చా?

కోల్బీ
ఆల్బీనా బాగుంది. ఊరు బాలేదు.

జులై 24, సోమవారం

ఓరి దేవుడా.

బ్లాంచ్ కొలాచీ వద్దన్నావా? ఆ హాల్లో నిలబడి? ఎనభై ఎనిమిదిలో ఒక కొత్త ఫాదరు షుగరుందని వద్దన్నాడు. ఆర్నెల్లు తిరక్కుండా బదిలీ చేయించారు.

ఆఫీసులో గట్టిగా నవ్వేశా, పక్క కుర్చీవాడు ఎవరి బేస్‌మెంటు మునిగిందని అడిగాడు.

నీళ్లు తాగొచ్చురా పిచ్చోడా. చప్పట్లు కూడా తీసుకో. కానీ కొలాచీ, కూపను వద్దనడం మాత్రం నూటికి నూరు కరెక్టు. ఇప్పుడెళ్లి క్షమాపణ చెప్పి డబ్బా తెచ్చుకోకు. ఊరేగింపు అయ్యేదాకా పొగరుబోతులాగే ఉండు.

లిడా

ఆగస్టు 5, శనివారం

పొద్దున 10:28
అత్తా బ్లాంచ్ ఆంటీ మళ్లీ డబ్బా పట్టుకొని కారు దగ్గరికొచ్చింది. ఏం చెయ్యాలో తెలీక కారు అద్దం పైకెక్కించేశా. టాప్ తీసేసున్న కారు అని తర్వాత గుర్తొచ్చింది

10:41
టీచరొచ్చింది. డిక్కీ మీదెక్కి కూచుంది. సీటు మీద కాదు పైన. దిగమని చెప్పాలి. ఎలా చెప్పాలి

10:43
తెల్ల గ్లౌజులేసుకుంది అత్తా

10:44
ముందున్న డప్పుల వాళ్లు కదిలారు. నేను కదల్లేదు. తాళం తీసి చొక్కా జేబులో పెట్టుకున్నా

10:47
వెనక ఫైరింజను హారన్. దాని వెనక ట్రాక్టర్లు. గడ్డి బండి మీద పోల్కా వాళ్లు అదే పాట మూడోసారి వాయిస్తున్నారు

10:49
"కోల్బీ, పోనీ" అంటోంది. నేను తల ఊపా. అద్దంలో నా వంక చూసింది. నాలుగో క్లాసు చూపు

10:52
ఎక్కడున్నావు అత్తా

10:53
కాగితం ఇచ్చేశా

మధ్యాహ్నం 12:20
కోల్బీ, పెరట్లో గడ్డి కోస్తున్నా, ఫోన్ వంటింట్లో ఉండిపోయింది. మంచి పని చేశావు. కదలకు. ఇంకా అక్కడే ఉన్నావా?

12:31
ఆస్పత్రిలో ఉన్నా. టీచర్ చెయ్యి విరిగింది. నా తప్పు

12:32
చివరి రెండు మాటలు చెరిపెయ్. ఇప్పుడే. ఎవరి తప్పో తేల్చడానికి జీతాలు తీసుకునేవాళ్లున్నారు, వాళ్ల పని నువ్వు చెయ్యకు. ముందు ఆవిడ ఎలా ఉంది?

12:34
నర్సుకి పాఠం చెప్తోంది

ఆగస్టు 6, ఆదివారం

అత్తా,

నిన్న సరిగ్గా రాయలేదు. నర్సు ఫోన్ ఆపెయ్యమంది.

కాగితం మొత్తం చదివింది. పర్సులోంచి పెన్ను తీసింది. మళ్లీ లోపల పెట్టింది. కాగితం కూడా లోపల పెట్టేసుకుంది. సంతకం లేదు. ఆనక మెల్లగా సీట్లోకి దిగి, తనే బెల్టు పెట్టుకుంది. పన్నెండు నిమిషాలాగింది ఊరేగింపు. అప్పుడు తాళం తిప్పా.

అనుకున్నట్టే టోపీ ఒక్కటే కనపడింది. జనం "ముఖ్య అతిథేదిరా, మింగేశావా" అని అరుస్తున్నారు. టీచర్ చెయ్యి పైకెత్తి ఊపడం మొదలెట్టింది. తలుపు పైన తెల్ల గ్లౌజు ఒక్కటే తిరుగుతోంది. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. తీసుకున్నా.

బ్యాంకు మలుపులో ముందు బండివాళ్లు చాక్లెట్లు విసిరారు. ఒక బుడ్డోడు నా చక్రం ముందుకే పరిగెత్తుకొచ్చాడు. బ్రేకు తొక్కా. నడక స్పీడే అత్తా, అయినా అంత బరువు బండి ఆగితే ఎలా ఉంటుంది. బుడ్డోడికి ఏం కాలేదు, చాక్లెట్ కూడా దొరికింది. టీచర్ ఊపుతున్న చెయ్యి ముందు సీటు అంచుకి కొట్టుకుంది. మణికట్టు. టోపీ ఎగిరి నా ఒళ్లో పడింది. మనిషి మాత్రం బెల్టులోనే ఉంది.

డాక్టరన్నాడు, పైన కూచునుంటే ముందద్దం దాటి రోడ్డు మీద వెతుక్కోవాల్సొచ్చేదని.

ఆస్పత్రిలో "సారీ టీచర్" అన్నా. తొమ్మిదేళ్ల తర్వాత ఆవిడతో నేనన్న మొదటి మాట. "ఇంత గొంతుందా నీకు? అప్పుడే తెరిస్తే పాసయ్యేవాడివి" అంది.

కారు అమ్మేస్తావా?

కోల్బీ

ఆగస్టు 10, గురువారం

అత్తా,

ఇన్సూరెన్స్ ఆఫీసునించి ఒకావిడ ఫోన్ చేసింది. ఎత్తా. క్లెయిమ్ పెట్టినప్పుడు నువ్వే ఎత్తమన్నావు.

ఎంత స్పీడు, బెల్టుందా, అన్నీ అడిగింది. చెప్పా. ఆ ఊరేగింపులో బండి తోలేవాళ్లకి ఏమన్నా ఇస్తారా అంది. ఇస్తారు, డజను కొలాచీలు, ట్యాంకు పెట్రోలుకి కూపను అన్నా. థాంక్యూ అని పెట్టేసింది.

నిజమే చెప్పా. చెమట పట్టింది గానీ చెప్పా.

ఆల్బీనా షెడ్డులో ఉంది. తుడిచా.
కోల్బీ

ఆగస్టు 16, బుధవారం

కోల్బీ,

లెటరొచ్చింది. "డ్రైవర్లకు ప్రతిఫలం ముట్టినట్టు డ్రైవరే చెప్పారు" కాబట్టి ఇది కిరాయి ప్రయాణమంట, టీచర్ చేతికి వాళ్లేమీ కట్టరంట.

తోలేవాళ్లకి ఇస్తారా అని అడిగితే ఇస్తారు అన్నావు. నేను తీసుకోలేదు అని ఎందుకు చెప్పలేదురా?

లిడా

ఆగస్టు 16, బుధవారం

అది అడగలేదు అత్తా.

కోల్బీ

ఆగస్టు 17, గురువారం

ఒరేయ్ నాయనా,

నీ తలని గోడకి కొట్టాలో నాది కొట్టుకోవాలో తేలక ఒక రోజు ఆగి రాస్తున్నా.

వాళ్లు కట్టకపోతే టీచర్ ఆస్పత్రి ఖర్చు నేను కట్టాలి. ఆల్బీనాని అమ్మితే తప్ప కట్టలేను. పళ్ల డాక్టరు శనివారం చూడ్డానికొస్తానన్నాడు. వాసన పట్టినట్టున్నాడు. షెడ్డు తాళం ఇవ్వు.

ఒక్క దారుంది. నువ్వు ఏమీ తీసుకోలేదని చూసినవాళ్లు రాసివ్వాలి. ఆ డబ్బా ఎవరి చేతిలో ఉందో వాళ్లే రాయాలి. అంటే బ్లాంచ్. నేను ఫోన్ చేశా. "ఆ ఇంటివాళ్లతో నాకు మాటల్లేవు" అని పెట్టేసింది.

నువ్వెళ్లు. నిలబడి, నోటితో అడుగు. తల ఊపడం కాదు.

లిడా

ఆగస్టు 18, శుక్రవారం

అత్తా,

నావల్ల కాదు. చర్చి వంటింట్లో పదకొండు మంది ఉంటారు.

ఇంకోటి. వోండ్రా టీచర్‌నించి కవరొచ్చింది. మందంగా ఉంది. కోర్టు నోటీసనుకుంటా. ఫ్రిజ్ మీద పెట్టా. అటు వెళ్లట్లేదు. పాలు తాగడం మానేశా.

కోల్బీ

ఆగస్టు 18, శుక్రవారం

పన్నెండు నిమిషాలు ఊరు ఊరంతా హారన్లు కొడుతుంటే కదలకుండా కూచున్నావు. అది పిరికివాడు చేసే పని కాదు. వంటింటికి వెళ్లు.

కవరు చింపు. పాలు తాగు.

లిడా

ఆగస్టు 20, ఆదివారం

అత్తా,

వెళ్లా.

కార్లో కూచుని నలభైసార్లు అనుకున్నా ఏం అనాలో. లోపలికెళ్లాక ఒక్కటీ గుర్తులేదు. పదకొండు కాదు, పద్నాలుగు మంది. అందరూ పిండి చేతులతో నా వంకే చూస్తున్నారు.

"నేను తీసుకోలేదు" అన్నా.

బ్లాంచ్ ఆంటీ అప్పడాల కర్ర కింద పెట్టింది. "తీసుకోలేదని నాకు గుర్తు చెయ్యడానికొచ్చావా?"

"అది... రాసివ్వాలి."

"రాయమంటున్నావా? నీ పొగరు నన్నే కాగితం మీద పెట్టమంటున్నావా? మిల్డ్రెడ్, కాగితం తేవే. ఒకటి కాదు, కట్ట తే!"

నిలబడే రాసింది. పైకి చదువుతూ రాసింది. మిగతావాళ్లు అందిస్తున్నారు, నీళ్ల సంగతి రాయి, అద్దం సంగతి వదలకు అని. మూడు పేజీలు. నీకు ఫొటో పెడుతున్నా గానీ ఈ ముక్క చూడు:

"జులై 23న ఈ కుర్రాడు నేను చేత్తో అందించిన డబ్బా తోసిపుచ్చాడు. ఎండు ప్లమ్ వద్దన్నాడు. గసగసాలు వద్దన్నాడు. ఆప్రికాట్ వంక కన్నెత్తి చూడలేదు. మంచినీళ్లు సైతం ముట్టలేదు. కూపను నా జేబులోనే కుక్కిపోయాడు. ఊరేగింపు నాడు వేడివేడిగా తీసుకెళ్తే టాపులేని కారుకి అద్దం ఎక్కించాడు. ముప్పై ఏళ్లలో నా డబ్బా వెనక్కి రావడం ఇదే మొదలు. వీడు మా దగ్గర పుచ్చుకున్నది ఏదన్నా ఉంటే అది తిట్లే, అవి కూడా సరిగ్గా వినకుండా వెళ్లిపోయాడు."

కింద పద్నాలుగు సంతకాలు. పిండి అంటింది.

అప్పుడు అడిగింది, ఇదంతా ఎందుకురా అని. చెప్పా అత్తా. పాలసీ సంగతి, నువ్వు ఏమీ తీసుకోకు అనడం, ఆల్బీనా, పళ్ల డాక్టరు, అంతా. అంతసేపు నేనెప్పుడూ మాట్లాడలేదు. నోరెండిపోయింది.

"ఈ ముక్క జులైలోనే ఏడవొచ్చుగా?" అంది.

"నాకు చెప్పడం రాదు ఆంటీ."

మిల్డ్రెడ్ అంది, పాపం, తిట్లు కొట్టేసి మళ్లీ రాద్దామా అని. "ఒక్క తిట్టు తియ్యను. తీస్తే ఆ ఇన్సూరెన్స్ వాళ్లు మనల్ని వీడి చుట్టాలనుకుంటారు" అంది బ్లాంచ్ ఆంటీ. ముక్కు తుడుచుకొని ఒక కొలాచీ నా చేతిలో పెట్టబోయింది.

కేసింకా తేలలేదుగా. వద్దన్నా.

కాగితం లాక్కొని నాలుగో పేజీ మొదలెట్టింది: "ఇప్పుడే మళ్లీ వద్దన్నాడు."

వచ్చి కవరు చింపా. కోర్టు నోటీసు కాదు. నా కాగితమే. నిండా ఎర్ర పెన్ను. ఎడం చేత్తో దిద్దింది, గీతలు పురుగుల్లా ఉన్నాయి. పదికి నాలుగు మార్కులు. వెనకాల నాలుగు పేజీల తెల్లకాగితం పెట్టింది, మళ్లీ రాయడానికి. చివర్న రాసింది: "రాత ఘోరం. చెప్పిన సంగతి కరెక్టు. అందుకే దిగాను."

ఆల్బీనా బాగుంది. పాలు తాగా.
కోల్బీ

ఆగస్టు 31, గురువారం

కోల్బీ,

బ్లాంచ్ నాలుగు పేజీలూ ఉన్నవున్నట్టు పంపా. నిన్న వాళ్ల ఆఫీసాయన స్వయంగా ఫోన్ చేశాడు. "మేడమ్, ఇంత కోపంగా ఉన్న సాక్షి అబద్ధమాడదు" అన్నాడు. టీచర్ చేతికి మొత్తం కడతారు. ఫోన్ పెట్టేముందు, ఆ గసగసాలవి ఎక్కడ దొరుకుతాయని అడిగాడు.

అయితే మాట మాటే. ఫోనొస్తే అమ్ముతానన్నా, వచ్చింది, ఒకటికి మూడుసార్లు. పళ్ల డాక్టరొచ్చి చూశాడు కదా, పంతొమ్మిదిన. బానెట్ తట్టాడు, వెనక సీట్లో కూచున్నాడు, అక్కణ్ణించే నాకు ఫోన్ చేసి "ఈ బెల్టులు పీకేసి ఆ బెజ్జాలు పూడిస్తే అసలు పాతకళ వస్తుంది" అన్నాడు. అప్పుడు నోరు మూసుకున్నా, డబ్బు అవసరమనుకొని. ఇప్పుడు చెప్పేశా. ఆ బెల్టు పీకేవాడికి ఆ కారు ఇవ్వను.

ఆల్బీనా కాగితాలు నీ పేరున మార్చి పోస్టులో వేశా. మా నాన్న ఆవునమ్మి కొన్నాడు, నేను మాట తప్పి ఇస్తున్నా. మన ఇంట్లో ఏదీ పద్ధతిగా జరగదు. ఇది తీసుకోవచ్చు. నన్ను మళ్లీ అడగకు.

లిడా
(కళ్లు తుడుచుకోవట్లేదు. ఆఫీసులో ఏసీ ఎక్కువ.)

సెప్టెంబర్ 19, మంగళవారం

పొద్దున 9:10
అత్తా టీచర్ కట్టు విప్పించడానికి ఆస్పత్రికి తీసుకెళ్తున్నా ఆల్బీనాలో. గూడ్సు రైలు పోతోంది, గేటు దగ్గర ఆగా. ముందు సీట్లోనే కూచుంది, తనే బెల్టు పెట్టుకుంది. నా కాగితం మూడోసారి రాసిచ్చా. ఆరు మార్కులు. పాస్ అంది

9:11
దార్లో హాలు ముందు బ్లాంచ్ ఆంటీ చెయ్యడ్డం పెట్టి ఆపింది. టీచర్ ఒళ్లో డబ్బా పెట్టేసి వెళ్లిపోయింది. మాట్లాడలేదు. ఎండు ప్లమ్‌వి

9:11
మనిషిని ఎక్కించుకున్నా, డబ్బా వచ్చింది. తీసుకోవచ్చా? తొందరగా చెప్పు వేడిగా ఉన్నాయి

9:14
ఆవిడకి తోడెళ్తున్నావా, కిరాయికెళ్తున్నావా?

9:14
తోడు

9:15
అయితే బండి పక్కకి ఆపు. తిను. తిన్నాక తోలు.

9:16
ఆపేశా. టీచర్ రెండోది తింటోంది. ఈసారి వెనక ఎవరూ హారన్ కొట్టట్లేదు